'హైదరాబాదు జట్టు' ఏ సమాసం?

ఆటల మీద అభిప్రాయం లేని మనిషి మన దేశంలో ఇంకా పుట్టలేదు. ఇంట్లో ఏ కూర వండాలో చెప్పడానికి జంకే పెద్దమనిషి కూడా ఏ బౌలరును ఎప్పుడు దింపాలో నిస్సంకోచంగా చెపుతాడు. టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నవాడికీ, క్షౌరశాలలో గడ్డం సగం గీయించుకున్నవాడికీ, రైలు పెట్టెలో పై బెర్తు మీద పడుకున్నవాడికీ ఆ హక్కు సమానమే. అందరికీ ఉన్న హక్కు తెలుగు పంతులుకు మాత్రం ఎందుకు ఉండగూడదు? అందుకని ఛందస్సునూ అలంకారాలనూ కాస్సేపు పక్కకు పెట్టి, మన రాజధాని పేరు మీద ఆడే జట్లను గురించీ, మా కళాశాలల జట్లను గురించీ నాలుగు మాటలు చెప్పదలచాను. వ్యాకరణాన్ని మాత్రం పక్కకు పెట్టలేను. ఎందుకో వెంటనే మనవి చేస్తాను.

నేను డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెపుతాను. బదిలీల పుణ్యమా అని కొన్నాళ్ళు మహబూబాబాదులో, కొన్నాళ్ళు భూపాలపల్లిలో పనిచేసి, ఇప్పుడు జనగామలో ఉన్నాను. మహబూబాబాదును మా వైపు జనం మానుకోట అంటారు. నేనూ అట్లాగే అంటాను. ఈ మూడూ 2016లో జిల్లా కేంద్రాలైన ఊళ్ళు. ఊరు మారినా పాఠం మారదు గదా! మొన్న జనగామలో సమాసాలు చెపుతూ, విద్యార్థులకు హుషారు పుట్టించాలని నల్లబల్ల మీద 'హైదరాబాదు జట్టు' అని రాసి, ఇది ఏ సమాసమో చెప్పమన్నాను.

ముందు వరుస అమ్మాయి లేచి, "షష్ఠీ తత్పురుషం సార్. హైదరాబాదు యొక్క జట్టు" అన్నది.

వెనక బెంచీ నుంచి ఒక కుర్రవాడు లేచాడు. "యొక్క ఎట్లయితది సార్? మన ఫుట్‌బాల్ టీము ఢిల్లీకి పోయె. యొక్క అయితే పోతదా?"

తరగతి అంతా గొల్లుమన్నది. నాకు నవ్వు రాలేదు. ఆ కుర్రవాడు అడిగింది వ్యాకరణం ప్రశ్నే అయినా, జవాబు చిన్నయసూరి బాలవ్యాకరణంలో దొరికేది కాదు.

జరిగిన సంగతి ఇది. 2019లో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు అనే వృత్తి జట్టు పుట్టింది. మూడేళ్ళు తిరగకుండానే, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి, ఇండియన్ సూపర్ లీగు విజేత అయింది. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి పెనాల్టీలను అడ్డుకున్న తీరు చూసి మా కుర్రవాళ్ళు వీధుల్లో కేకలు వేశారు. ఆ తరువాత డబ్బు కష్టాలు వచ్చాయి, ఆటగాళ్ళు చెల్లాచెదరయ్యారు, యాజమాన్యం మారింది. చివరకు 2025లో జట్టును ఢిల్లీకి తరలించి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారు. అద్దె ఇంటివాడు సామాను బండికెత్తుకుని పోయినట్టు ఒక విజేత జట్టు మన ఊరి నుంచి పోయింది. అడ్డం పడినవారు లేరు.

అది మన జట్టేనా? అయితే ఎట్లా పోయింది? కాకపోతే మనం ఎందుకు కేకలు వేశాం? ఈ ప్రశ్న కోసమే వ్యాకరణం కావాలన్నాను. సమాసాన్ని విప్పి చెప్పే వాక్యాన్ని విగ్రహవాక్యం అంటారు. 'హైదరాబాదు జట్టు' అన్న రెండు మాటల మధ్య ఏ మాట దాగి ఉన్నదో తేల్చితే, ఆ జట్టు ఎవరిదో తేలిపోతుంది.

హైదరాబాదు వలన పుట్టిన జట్టు

ముందు పాత సంగతి. ఈనాటి విద్యార్థికి ఫుట్‌బాల్ అంటే స్పెయినూ, ఇంగ్లండూ. కానీ ఒకప్పుడు భారతదేశపు ఫుట్‌బాల్‌కు కలకత్తా గుండె అయితే, హైదరాబాదు మెదడు. ఆ మెదడు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడిపంతులు. పంతుళ్ళకు లోకం తెలియదనే వారికి ఆయన పేరు చెప్పడం నాకు సరదా.

రహీం సాబు శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఒక్కసారి గెలవడం అదృష్టం అనవచ్చు, రెండుసార్లు గెలిస్తే ఊపు అనవచ్చు. అయిదుసార్లు గెలవడం విద్య. 1950లో, 1954లో డ్యూరాండ్ కప్పు కూడా వారిదే. రహీం భారత జట్టుకు శిక్షకుడుగా 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలోనూ, 1962లో జకార్తా ఆసియా క్రీడలలోనూ స్వర్ణం తెచ్చాడు. నడుమ 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2 తో కొట్టి మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మొదలైన వారు హైదరాబాదు మైదానాలలో పెరిగినవారే. జకార్తా విజయం నాటికే రహీం క్యాన్సరుతో బాధపడుతున్నాడు; 1963 జూన్‌లో కన్నుమూశాడు. 2024లో హిందీలో 'మైదాన్' అనే సినిమా వచ్చాకగాని మా విద్యార్థులలో చాలామందికి ఆయన పేరు తెలియలేదు.

ఈ కథలో నన్ను ఆకర్షించేది కప్పుల లెక్క కాదు, ఆ ఆటగాళ్ళ బతుకు. వారు పోలీసు ఉద్యోగులు. జీతం పోలీసుశాఖది, కాపురం నగరంలో. గెలిచినా ఓడినా తిరిగి వచ్చేది అదే వీధికి, అదే ఉద్యోగానికి. క్రికెట్టులోనూ కొంతకాలం ఇదే పద్ధతి నడిచింది. హైదరాబాదు జట్టు రంజీ ట్రోఫీ రెండుసార్లు గెలిచింది. 1937-38లో నవానగరు మీద ఒకే ఒక్క వికెట్టు మిగిలి ఉండగా గెలిచిన ఆట మొదటిది, ఎం. వి. నరసింహారావు నాయకత్వాన 1986-87లో ఢిల్లీకి వెళ్ళి ఢిల్లీ జట్టునే మట్టి కరిపించిన ఆట రెండవది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు, ఆంధ్రా బ్యాంకు వంటి సంస్థలు ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చి సొంత జట్లు నడిపేవి. ఆ బ్యాంకుల పేర్లు ఈనాడు బోర్డుల మీద లేవు. ఒకటి 2017లో, మరొకటి 2020లో పెద్ద బ్యాంకులలో కలిసిపోయాయి.

వ్యాకరణ పరిభాషలో ఇది పంచమి. హైదరాబాదు వలన పుట్టిన జట్టు. ఊరు కన్న బిడ్డ.

అట్లాగని ఆ రోజుల్లో అందరూ ఊరిని అంటిపెట్టుకునే ఉన్నారని చెప్పను. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పెరిగిన బలరాం 1957లో కలకత్తా ఈస్టు బెంగాలుకు వెళ్ళాడు. జీవితమంతా ఆ వైపే గడిపి 2023లో అక్కడే పోయాడు. మెరుగైన చోటు వెతుక్కోవడం ఆటగాడి హక్కు; కాదనడానికి మనమెవరం? కాని గమనించండి. బలరాం వెళ్ళిపోయాడుగాని జట్టు వెళ్ళిపోలేదు. ఒక పండు రాలితే చెట్టు మరో పండు కాసింది. ఇప్పుడు చెట్టునే పెళ్ళగించుకు పోవడం చూస్తున్నాం.

హైదరాబాదు అను పేరుగల జట్టు

మా విద్యార్థులను గడగడలాడించే సమాసం ఒకటుంది: సంభావనా పూర్వపద కర్మధారయం. పేరు పొడుగేగాని అర్థం చిన్నది. గంగానది అంటే గంగ అను పేరుగల నది. అంతే. మొదటిమాట కేవలం పేరు. వేలంపాటల జట్లన్నీ పుట్టుకతో ఈ సమాసంలోవే.

ఇందులో చిత్రమైన సంగతి ఒకటి చెపుతాను. 2009లో డెక్కన్ ఛార్జర్స్ జట్టు ఐ.పి.ఎల్. కప్పు గెలిచింది. అంతకు ముందు ఏడు ఎనిమిది జట్లలో ఎనిమిదోదిగా నిలిచిన జట్టు గిల్‌క్రిస్ట్ నాయకత్వాన లేచి నిలబడింది. ఎక్కడ గెలిచింది? జొహన్నెస్‌బర్గులో! ఆ ఏడు మన దేశంలో ఎన్నికలు ఉండడంవల్ల పోటీలు మొత్తం దక్షిణాఫ్రికాలో జరిగాయి. ఫుట్‌బాల్ జట్టు విజేత అయిన 2021-22లో కరోనా కారణంగా పోటీలన్నీ గోవాలోనే జరిగాయి. అంటే ఈ రెండు జట్లూ సొంత ఊళ్ళో ఒక్క ఆట కూడా ఆడకుండా విజేతలయ్యాయన్నమాట. హైదరాబాదు లేకపోయినా హైదరాబాదు జట్టు గెలవగలదని రెండుసార్లు రుజువైంది.

డెక్కన్ ఛార్జర్స్ కథ 2012లో ముగిసింది. 2013లో దాని స్థానంలో మద్రాసు వ్యాపార సంస్థ ఆధ్వర్యాన సన్‌రైజర్స్ హైదరాబాదు వచ్చింది. 2016లో వార్నర్ నాయకత్వాన కప్పు గెలిచింది. 2024లో తుది ఆట దాకా వెళ్ళి కలకత్తా చేతిలో ఓడింది. పేరు మారింది, చొక్కా మారింది, యజమాని మారాడు. అభిమాని మాత్రం మారలేదు. పాత చొక్కా మడిచి పెట్టెలో పెట్టి, నారింజరంగు చొక్కా తొడుక్కుని అదే ఉప్పల్ మైదానానికి పోయాడు. జనగామ నుంచి హైదరాబాదు పోయే బస్సుకు ఉప్పల్ దారిలోనే తగులుతుంది. ఆట ఉన్న రోజున ఆ బస్సుల నిండా మా విద్యార్థులే. వారి భక్తిని నేను వెక్కిరించను. ఈ వ్యవహారంలో విశ్వాసంగా నిలబడినవాడు అభిమాని ఒక్కడే.

కాని ఆ భక్తికి వచ్చిన ధర్మసంకటం చూడండి. 2025 ఏప్రిల్ 6న ఉప్పల్‌లో సన్‌రైజర్స్‌కూ గుజరాతు టైటన్స్‌కూ ఆట. గుజరాతు తరఫున బంతి పట్టినవాడు మహమ్మద్ సిరాజ్. హైదరాబాదు గల్లీలలో ఆడి పైకి వచ్చిన ఆటో డ్రైవరు కొడుకు. ఆ రోజు 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీసుకున్నాడు. ఎవరి మీద? హైదరాబాదు మీద. ఎక్కడ? హైదరాబాదులో. అదే సిరాజును 2017లో సన్‌రైజర్సే వేలంలో కొన్నది, మరుసటేడే వదులుకున్నది. ఇంకో హైదరాబాదు కుర్రవాడు తిలక్ వర్మ 2022 నుంచి బొంబాయి జట్టుకు పరుగులు తీస్తున్నాడు. ఆ ఏప్రిల్ సాయంత్రం మైదానంలో కూర్చున్న మా విద్యార్థి ఒకడు మరునాడు నాతో, "చప్పట్లు కొట్టాల్నా వద్దా సమజ్ గాలేదు సార్. చేతులు గట్టుకొని కూసున్న" అన్నాడు. పాపం, వాడి చేతులకు వచ్చిన చిక్కే మన అందరికీ వచ్చింది.

హైదరాబాదు కొఱకు ఆడిన జట్టు

ఇంతవరకు చదివి, "ఈ పంతులు పరాయి ఊరివాళ్ళను ఒప్పుకోడు కాబోలు" అనుకుంటే పొరపాటు. ఊళ్ళో పుట్టినవాడే ఊరివాడనే లెక్క నాకు సమ్మతం కాదు.

కబడ్డీ సంగతి చూడండి. 2014లో మొదలైన ప్రో కబడ్డీలో మన జట్టు పేరు తెలుగు టైటన్స్. ఊరి పేరు కాక భాష పేరు పెట్టుకున్న జట్టు అది. తెలుగు పంతులుగా నాకు కొంచెం పక్షపాతం ఉంటే ఉండవచ్చు. ఆ జట్టుకు ఆయువుపట్టు రాహుల్ చౌదరి. ఊరు ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోరు. తొలి ఆరు సీజన్లు, 2018 దాకా, మన జట్టులోనే ఆడాడు. అతడు కూతకు వెళితే మానుకోట తండాలలో పిల్లలు టీవీల ముందు ఊపిరి బిగపట్టేవారు. బడి ఆవరణల్లో ప్రతివాడూ రాహులే. ఆ పిల్లలను అడిగితే రాహుల్ మనోడే అనేవారు. బిజ్నోరు ఎక్కడుందో వారికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

ఎందుకు మనవాడయ్యాడు? ఏళ్ళ తరబడి నిలబడ్డాడు కనుక. పుట్టుక తేలేనిదాన్ని ఉనికి తెచ్చింది. ఇది చతుర్థి: మన కొఱకు ఆడినవాడు. 2009 నాటి డెక్కన్ ఛార్జర్స్‌లోనూ గిల్‌క్రిస్ట్ పక్కన ప్రజ్ఞాన్ ఓఝా, టి. సుమన్, విశాఖపట్నం వేణుగోపాలరావు ఉన్నారు. పై ఊరివాడు, మన ఊరివాడు పక్కపక్కన ఆడితే తప్పేమున్నది? నేర్చుకునేవాడికి అంతకన్నా మంచి బడి ఏది?

కనుక నా అభ్యంతరం పరాయివాళ్ళ మీద కాదు, వేలం మీద కూడా కాదు. జట్టుకూ ఊరికీ నడుమ మెట్లు లేకపోవడం మీద. మా ఊరి మైదానంలో ఆడే కుర్రవాడు ఒక్కొక్క మెట్టే ఎక్కి ఆ జట్టుదాకా చేరగల దారి ఉన్నదా, లేదా? ఇదొక పరీక్ష. రెండో పరీక్ష ఇంకా సులువు. ఓడిన రోజు సాయంత్రం ఆ జట్టు ఎక్కడికి పోతుంది? విమానాశ్రయానికా, ఇంటికా?

జనగామ యొక్క, మానుకోట యొక్క, భూపాలపల్లి యొక్క

ఓడిన జట్టు ఇంటికి రావడం నేను కళ్ళారా చూశాను. అది చెపుతాను.

నేను పనిచేసిన ఒక కళాశాలలో చాలాకాలం ఫిజికల్ డైరెక్టరు లేడు. తెలుగు పంతులుకు తీరిక ఎక్కువని నమ్మకమో ఏమో, జట్లను తీసుకుపోయే పని నాకు అప్పగించారు. మా మూడు ఊళ్ళ కళాశాలలూ 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోవి. ఏటా అంతర కళాశాలల పోటీలు జరుగుతాయి. అక్కడ బాగా ఆడినవారిని ఏరి విశ్వవిద్యాలయం జట్టు కడతారు. ఆ జట్టు దక్షిణ మండలం పోటీలకు, అక్కడ నెగ్గితే అఖిల భారత పోటీలకు వెళుతుంది. ఇవీ నేను చెప్పిన మెట్లు. మొదటి మెట్టు మా కళాశాల మైదానం.

ఆ ఏడు అమ్మాయిల కబడ్డీ జట్టు సిద్ధమైంది. అందరిలోకీ గట్టి అమ్మాయి ఒక లంబాడీ తండా నుంచి వచ్చేది. పోటీలకు ముందురోజు ఆమె రాలేదు. నేనే తండాకు వెళ్ళాను. తండ్రి మంచం వాల్చి కూర్చోబెట్టి, టీ ఇప్పించి, మర్యాదగానే అన్నాడు:

"పత్తి ఏరే యాల్ల ఆటేంది సారూ? కూలోళ్ళు దొర్కుతలేరు. వాన గిట్ల వడ్డదంటే పత్తంత కరాబయితది."

ఆయన మాటలో తప్పు ఎన్నడానికి నాకేమీ దొరకలేదు. ఆటవల్ల కీర్తి వస్తుందనీ, దేశమంతా చూస్తుందనీ చెప్పవచ్చు. పత్తి చేను కీర్తిని ఎరగదు. నేను తటపటాయిస్తుంటే నా వెంట వచ్చిన జట్టు నాయకురాలు ముందుకు వచ్చి, "బాపూ, మూడు దినాలు పంపు. ఐతారం మేమందరం వచ్చి ఏరుతం" అన్నది. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

జట్టు హన్మకొండ వెళ్ళింది. మొదటి ఆట గెలిచింది, రెండో ఆట ఓడిపోయింది. సాయంత్రం బండిలో తిరిగి వస్తుంటే అమ్మాయిలలో ఒక్కరూ మాట్లాడలేదు. మానుకోట స్టేషనులో దిగేసరికి ఆ తండ్రి సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏమైంది బిడ్డా?" అన్నాడు. "ఓడినం బాపూ" అన్నది. "అయితే ఏంది, మల్లేడు లేదా?" అని సంచి తీసుకుని సైకిలుకు తగిలించాడు.

ఆదివారం నాడు జట్టు జట్టంతా చేలో ఉన్నది. నేనూ వెళ్ళాను. నేను ఏరిన పత్తి చూసి అమ్మాయిలు నవ్వుకున్నారు. అదిగో, ఆ రోజున నాకు 'యొక్క' అనే మాటకు అర్థం తెలిసింది. ఆ జట్టు మానుకోట యొక్క జట్టు. దాన్ని బండికెత్తి మరో ఊరికి తీసుకుపోవడం ఏ యజమానికీ సాధ్యం కాదు.

భూపాలపల్లిలో ఇదే సంగతి మరో రూపంలో చూశాను. అది బొగ్గు ఊరు. మొదటి షిఫ్టు ముగించి బాయి నుంచి పైకి వచ్చిన సింగరేణి కార్మికులు సాయంత్రం వాలీబాల్ ఆడేవారు. అవతలి పక్క మా కళాశాల కుర్రవాళ్ళు. నెట్టుకు ఈవల కొడుకు, ఆవల తండ్రి ఉన్న రోజులు కూడా ఉన్నాయి. సింగరేణిలో ఏరియాల వారీగా పోటీలు జరిగి, అక్కడి నుంచి కంపెనీ జట్టుకూ, కోల్ ఇండియా పోటీలకూ ఆటగాళ్ళు వెళతారు. సిటీ పోలీసు జట్టుకు ఇది దగ్గరి చుట్టం: పని చేసే చోటే ఆట. కాని 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఈనాడు సుమారు 40 వేలకు తగ్గింది. యంత్రం బొగ్గు తవ్వగలదుగాని సాయంత్రం వాలీబాల్ ఆడలేదు.

జనగామలో కష్టం వేరు. ఇక్కడ కుర్రవాళ్ళకు హుషారు ఉన్నది, నగరం దగ్గర, రైలు దగ్గర. లేనిది స్థలం. ఉదయం నడకవారు, పోలీసు ఉద్యోగాలకు పరుగు సాధన చేసేవారు, సెలవుల్లో సభలవారు, అందరికీ ఒకటే మైదానం కావాలి. సభ అయిన మరునాడు గుంజలు పాతిన గుంతలు పూడ్చుకుంటే తప్ప కబడ్డీ గీతలు గీయడం కుదరదు. ఉప్పల్‌లో ఒక్క ఆట చూడడానికి విద్యార్థి పెట్టే ఖర్చుతో మా జట్టుకు వాలీబాల్ నెట్టు వస్తుంది. ఇది లెక్క వేసి చెప్పినప్పుడు ఆ విద్యార్థి, "నిజమే సార్, గని ఈడ మ్యాచి చూసెటోళ్ళు ఎవరున్నరు?" అని ఎదురు ప్రశ్న వేశాడు. అది చురుకైన ప్రశ్న. మా అంతర కళాశాలల ఆటకు గీత పక్కన నిలబడేవారు పదిమంది. వారిలో ఇద్దరు సైకిలు స్టాండు కాపలావాళ్ళు.

మెట్లు కట్టేదెవరు?

మెట్టు ఉంటే మా వైపు పిల్లలు ఎక్కగలరనడానికి సాక్ష్యం కావాలా? వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామపు కూలీ దంపతుల బిడ్డ జీవంజి దీప్తి. బడి మైదానంలో పరుగెత్తి, హైదరాబాదులో నాగపురి రమేశ్ శిక్షణ పొంది, 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో పారా ఛాంపియన్ అయింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సులో కంచుపతకం తెచ్చింది. కల్లెడకూ పారిస్‌కూ నడుమ ఉన్నవి మెట్లే. ఎవరో ఒకరు ఆ పిల్లను చూశారు, ఎవరో ఒకరు హైదరాబాదు తీసుకుపోయారు, ఎవరో ఒకరు తిండి పెట్టి పరుగు నేర్పారు. ఆ 'ఎవరో ఒకరు' లేనందువల్ల ఆగిపోయిన పిల్లలు ఎందరో, వారి పేర్లు పత్రికలకు ఎక్కవు.

అందుచేత నా అభిప్రాయాలు మూడే మూడు.

నగరం పేరు పెట్టుకుని ఆడే జట్ల యజమానులకు మొదటిది. అయ్యా, మీరు ఎక్కడివారైనా మాకు అభ్యంతరం లేదు. మా చప్పట్లు మీకు కావాలి; సంతోషం. ఏడాదికి ఒక్క వారం మీ శిక్షకులను జనగామకూ, మానుకోటకూ, భూపాలపల్లికీ పంపండి. మా కళాశాలల జట్లను నిలబెట్టి చూడండి. పదేళ్ళలో ఒక్క పిల్లవాడు మీ చొక్కా తొడిగితే చాలు, మీరు రాత్రికి రాత్రి సామాను సర్దుకున్నా మేము బండికి అడ్డంగా పడుకుంటాం.

రెండోది ప్రభుత్వానికి. కళాశాలకు గ్రంథాలయం ఎట్లాగో మైదానం అట్లాగ. పుస్తకాలు చూసేవాడు లేని గ్రంథాలయం చెదలపాలైనట్టు, ఫిజికల్ డైరెక్టరు లేని మైదానం సభలపాలవుతుంది. ఆ ఖాళీలు నింపండి. తెలుగు పంతుళ్ళు తెలుగు చెప్పుకుంటారు. పోలీసుశాఖా, సింగరేణీ ఒకప్పుడు చేసినట్టు ఆటగాడికి ఉద్యోగం చూపిస్తే, ఆ తండ్రి పత్తి ఏరే వేళలోనైనా బిడ్డను కాస్త ధైర్యంగా పంపుతాడు.

మూడోది పాఠకులకు. ఉప్పల్‌కు వెళ్ళవద్దని నేను అనను. వెళ్ళండి, కేకలు వేయండి, సిరాజు వికెట్టు తీస్తే ఏ చొక్కాలో ఉన్నా చప్పట్లు కొట్టండి. ఆ చప్పట్లు న్యాయమైనవే. అయితే మీ ఊరి కళాశాలలో ఈసారి అంతర కళాశాలల పోటీలు జరిగినప్పుడు, టికెట్టు లేదు, జెండా లేదు, పాట లేదు, అయినా ఒక గంట తీరిక చేసుకుని వెళ్ళండి. సున్నం గీత పక్కన నిలబడండి. కూతకు వెళుతున్న పిల్ల పేరు కనుక్కోండి. ఓడితే, "మల్లేడు లేదా?" అనండి.

'హైదరాబాదు జట్టు' ఏ సమాసమో ఇప్పుడు చెప్పవచ్చు. వేలంలో కొన్ననాడు అది పేరు మాత్రమే. నాలుగేళ్ళు నిలిచి ఆడితే మన కొఱకు ఆడిన జట్టు అవుతుంది. మన మైదానాల పిల్లలకు మెట్టు వేసిననాడు మన వలన పుట్టిన జట్టు అవుతుంది. గెలిచినా ఓడినా ఎదురు వెళ్ళి సంచి అందుకునేవాడు ఉన్ననాడే అది మన యొక్క జట్టు. ఆ చివరి విభక్తిని యజమాని డబ్బు పెట్టి కొనలేడు. అది మనం చేర్చవలసిందే.